సీసాకి ఐదుగురు

పోయిన నెల మా మనవరాలికి తొమ్మిది నెలలు నిండాయి. టీకా వేయించడానికి కూతురితో కలిసి నెల్లూరులో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ముప్ఫై ఏళ్లపాటు పల్లెల్లో పసిపిల్లల తొడల్లో సూదులు గుచ్చి ఇప్పుడు పెన్షను తింటున్న ఏ.ఎన్.ఎం.ని నేను. "ఏం కాదులేమ్మా, చీమ కుట్టినట్టుంటుంది" అని తల్లులకి ఎన్ని వేలసార్లు చెప్పానో! అలాంటిదాన్ని సొంత మనవరాలి దగ్గరికి వచ్చేసరికి చూడలేక, గోడ మీద జిరాఫీ బొమ్మ వైపు తిరిగి నిలబడ్డాను. చల్లటి గది, కూర్చోడానికి మెత్తటి కుర్చీలు, "రేపు మీ పాప టీకా రోజు" అని ముందురోజే ఫోనుకి మెసేజి. నర్సు పిల్ల ఫ్రిజ్ తెరిచి బొటనవేలంత సీసా ఒకటి తీసి మూత ఊడదీసింది. నా నోరు ఊరుకోదు కదా, "మిగతా నలుగురు ఏరమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసి, "ఏ నలుగురాంటీ? ఇది ఒక్క బేబీకే" అంది. పరువు తీయకమ్మా అన్నట్టు నా కూతురు మోచేత్తో పొడిచింది. ఇంటికొచ్చాక కూడా ఆ సీసా నా కళ్లముందు నుంచి పోలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు. బి.పి. చూపించుకోమని కూతురు గొడవ. ఇది బి.పి. కాదని దానికి చెప్పలేదు. చెప్పాలంటే మొదట్నించీ చెప్పాలి.

నేను పుట్టిపెరిగింది బుచ్చిరెడ్డిపాలెం పక్కన, పెన్నా కాలువల కింద వరిపొలాల మధ్య. సముద్రాన్ని పెళ్లయ్యేదాకా చూసి ఎరగను. అలాంటి నన్ను ఉద్యోగమిచ్చి తీసుకెళ్లి తీరంలో పడేశారు. వాకాడు దాటి సముద్రం వైపు వెళ్తుంటే ఉప్పుకాలువ అడ్డం వస్తుంది. కాలువకి ఇవతల పొలాలున్నవాళ్ల ఊరు. అవతల ఇసకలో చేపలు పట్టేవాళ్ల పల్లె, దాన్ని కుప్పం అంటారు. రెండింటికీ కలిపి నేనొక్కదాన్నే. ఊళ్లో అందరూ పెద్దిల్లు అనే ఇంటి వెనక గదిలో నేనూ, నా ట్రంకు పెట్టె, నా రిజిస్టర్లు. మా ఆయన పని వెతుక్కుంటూ ఊళ్లు పట్టి తిరిగేవాడు, కూతురు హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆ ఇంటి పెద్దామెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. చేతికి ఎముక లేని మనిషి. రోజూ గిన్నెడు పెరుగు, వారానికి రెండుసార్లు దొడ్లో కాసిన బెండకాయలో వంకాయలో వచ్చేవి. నాకొకసారి టైఫాయిడ్ వస్తే జావ కాచి పోసింది. ఆమె మీద చెడ్డమాట రాయడానికి నాకు చెయ్యి రాదు, రాయను కూడా. ఊళ్లో నన్ను సిస్టరమ్మా అని పిలిచేవాళ్లు. కుప్పంలో నా పేరు సూదమ్మ. అక్కడి తల్లులు పిల్లలకి అన్నం పెట్టాలంటే నన్ను వాడుకునేవాళ్లు. "తింటావా, సూదమ్మను పిలిచేదా?" అంటే చాలు, గిన్నె ఖాళీ. నేను టీకాలు వేసిన పిల్లలకంటే నా పేరు చెప్పుకుని అన్నం తిన్న పిల్లలే ఎక్కువ.

టీకాలకి బుధవారం. ఊళ్లో అంగన్‌వాడీలో పొద్దున తొమ్మిదికి ఐస్ డబ్బా పెట్టుకుని కూర్చుంటే ఒంటిగంటకల్లా సర్దేసేదాన్ని. డబ్బా మూడు గంటల బస్సుకి ఆసుపత్రికి తిరిగి వెళ్లాలి. నెలకి ఒక బుధవారం కుప్పానికి వెళ్లాలని కాయితం మీద ఉండేది. నేను మూడు నెలలకి ఒకసారి వెళ్లేదాన్ని. నావ కోసం గట్టున నిలబడాలి, దిగాక చెప్పులు చేతపట్టుకుని మైలు దూరం ఇసకలో నడవాలి, తీరా పోతే తల్లులు ఉండరు. పడవలు ఒడ్డుకొచ్చేది ఎనిమిదికి, ఆడవాళ్లు చేపల గంపలెత్తుకుని కాలువ దాటేది తొమ్మిదికి. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి, మిగిలింది ఆటోలో వాకాడుకి తీసుకెళ్లి అమ్మి, తిరిగొచ్చేసరికి రెండో మూడో. టీకా వేళ అనేది ఎవరు పెట్టారోగాని, గంప ఎత్తుకునేవాళ్లు మాత్రం కాదు. అప్పట్లో నేనిలా ఆలోచించానా అంటే లేదు. "ఈ జనానికి బిడ్డలకంటే చేపలే ఎక్కువ" అని విసుక్కునేదాన్ని.

గంపతోనే వచ్చేవాళ్లు లేరా అంటే ఉన్నారు. వాళ్ల కష్టం వేరు. అంగన్‌వాడీలోకి గంప తేనిచ్చేవాళ్లు కాదు. నీచువాసనకి ఊళ్లో ఆడవాళ్లు ముక్కు మూసుకుని జరిగేవాళ్లు. బయట పెడితే కుక్కలు. అందుకని కుప్పం తల్లి చంకలో బిడ్డతో గంప పక్కన కావలి కూర్చునేది. లోపల ఊరి పిల్లలందరికీ అయ్యాక, "ఏయ్, ఇంక నువ్వు రా" అని ఆయా కేకేస్తే, అప్పుడు గంపని మరొకరికి అప్పజెప్పి వచ్చేది. అప్పజెప్పడానికి మరొకరు లేకపోతే ఆ వారానికి అంతే. నేనిదంతా వారం వారం చూస్తున్నదే. చూసీ చూసీ అదొక వంకర అని కూడా అనిపించడం మానేసింది.

ఇక సీసా సంగతి. తట్టు టీకా పొడి రూపంలో ఉంటుంది. నీళ్లు కలిపితే ఐదుగురు పిల్లలకి సరిపోతుంది. కలిపాక నాలుగు గంటలే పనికొస్తుంది, ఆ తర్వాత పారేయాలి. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాల్సిందే అని రూలు. కాని దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, మా మీటింగుల్లో నోటితో చెప్పేది ఇంకొకటి. మా సూపర్‌వైజరమ్మ నెలనెలా వేస్టేజీ లెక్క తీసేది. "ఇద్దరికోసం సీసా తెరుస్తావా? మీ నాన్నగారు పంపించారా టీకాలు?" అని నలుగురిలో నన్ను నిలబెట్టి కడిగేసింది. ఇంకోసారి జరిగితే మెమో అంది. ఆ రోజు నుంచి నేను సీసాకి ఐదుగురు చూసుకునే తెరిచేదాన్ని. మా ఏ.ఎన్.ఎం.లలో చాలామందిమి అంతే. ఐదుగురు కుదరకపోతే "వచ్చే బుధవారం రా" అనేవాళ్లం.

ఆమె మొదటిసారి వచ్చింది పుష్యమాసానికి రెండు మూడు నెలల ముందు, ఎండ ఇంకా చురుక్కుమంటున్న రోజుల్లో. కుప్పంలో చేపలమ్మే పిల్ల, పాతికేళ్లుంటాయేమో. నన్ను అక్కా అని పిలిచేది, అందుకే నా మనసులో ఆమె ఎప్పుడూ చేపల చెల్లెలే. వచ్చేసరికి రెండైంది. నేను డబ్బాకి పట్టీ బిగిస్తున్నాను. గంప అరుగు కింద పెట్టి, ఒళ్లంతా చెమటతో, చంకలో బిడ్డతో గడపలో నిలబడింది. కింద రెండు పళ్లు వచ్చిన ఆడపిల్ల, దిష్టిచుక్క చెమటకి కరిగి చెంపంతా పాకింది. వచ్చీ రాగానే నా రిజిస్టరు మూల నోట్లో పెట్టుకుంది. "తొమ్మిది నెలలు నిండినాయక్కా, తట్టు సూది ఏసేయి" అంది చేపల చెల్లెలు. పొద్దున తెరిచిన సీసా టైము దాటిపోయింది. ఒక్క బిడ్డకి కొత్తది తెరవాలి. "ఇంకో నలుగురు పిల్లల్ని తోలుకుని రా, తెరుస్తా. లేదంటే వచ్చే బుధవారం పెందలాడే రా" అన్నాను. "నలుగురిని యాడ తెచ్చేదక్కా ఇప్పుడు?" అని నవ్వింది. కోపం లేదు. రిజిస్టరు మూల బిడ్డ నోట్లోంచి మెల్లిగా లాగి, చొంగ కొంగుతో తుడిచి ఇచ్చింది.

పై బుధవారం నిజంగానే పెందలాడే వచ్చింది, పదకొండుకి. చేపలు సగం అమ్మకుండానే వచ్చేసింది. ఆ రోజు నా ఖర్మకొద్దీ ఊళ్లో తట్టు టీకా పడాల్సిన పిల్లలే లేరు, ఉన్న ముగ్గురికీ పై వారానికి గాని నెలలు నిండవు. గంటసేపు కూర్చోబెట్టాను. ఇంకెవరూ రాలేదు. చేపల మీద తడిగుడ్డ ఆరిపోతుంటే ఆమె లేచి కుండలో నీళ్లు తెచ్చి చల్లి మళ్లీ వచ్చి కూర్చుంది. చివరికి నేనే, "పైవారం ఊళ్లో ముగ్గురున్నారు, నీతో కలిపి నలుగురు, ఇంకొకర్ని నువ్వు తెస్తే సరిపోద్ది" అని లెక్క చెప్పాను. "సరేక్కా" అంది. గంప నెత్తికెత్తుకుంటూ, "కుప్పంలో మా తోడికోడలి బిడ్డకి ఇంకా నెల పడద్ది" అని తనలో తనే లెక్క వేసుకుంది. నేను చెప్పిందాంట్లో అన్యాయం ఉందని ఆమెకీ తోచలేదు, నాకూ తోచలేదు. అదే నాకిప్పుడు ఎక్కువ బాధ.

ఆ మధ్యలో సోమవారం వచ్చింది. పెద్దమ్మ కూతురు బెంగుళూరు నుంచి బిడ్డతో వచ్చింది. నాలుగు రోజులుండి పోతుంది. అక్కడ వేయించడం కుదరలేదట, ఆ పాపకీ తొమ్మిది నెలలు దాటాయి. "ఏం సిస్టరమ్మా, ఇంట్లో నిన్ను పెట్టుకోని బిడ్డని ఊళ్లోకి తిప్పడమెందుకు? ఈడే ఏసెయ్ రాదా" అంది పెద్దమ్మ. ఆమె అడగడం అదొక్కటే, అంతకుముందు నన్నేమీ అడిగింది లేదు. టీకా రోజు కాదు, అయినా ఆసుపత్రికి పోయి ఫార్మసీ ఆయనతో ఏదో చెప్పి, చిన్న డబ్బాలో సీసా తెచ్చాను. పెద్దింటి హాల్లో సోఫా మీద, ఫ్యాను కింద, ఒక్క బిడ్డకోసం సీసా తెరిచాను. కూతురు పాపని ముద్దులాడుతుంటే పెద్దమ్మ నాకు కాఫీ, పాకుండలు పెట్టింది. సీసాలో ఇంకా నలుగురికి సరిపడా మందుంది. టైము పదకొండు. మూడింటిదాకా పనికొస్తుంది. కుప్పం గుర్తుకొచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. నావ, ఇసక, పైన ఎండ. ఈ వేళప్పుడు ఆమె ఇంట్లో ఉంటుందో, గంపతో వాకాడులో ఉంటుందో అని నాకు నేనే వకాలతు పుచ్చుకున్నాను. పాకుండ ఇంకొకటి తిని గదిలోకి పోయి నడుం వాల్చాను. మూడు దాటాక మిగిలిన మందు పారేశాను.

సీసా వాడినట్టు లెక్క చూపాలి కదా. ఒక్క బిడ్డ అని రాస్తే మెమో. అందుకని రిజిస్టరు తీసి పెద్దింటి పాప పేరు కింద ఊళ్లో ముగ్గురి పేర్లూ రాసి టిక్కులు పెట్టాను. ఎలాగూ బుధవారం వస్తారు, అప్పుడు వేసేస్తే సరి అనుకున్నాను. ఐదో పేరు కావాలి. కుప్పం పేజీ తిప్పితే చొంగకి తడిసి ఉబ్బిన మూల కనిపించింది. చేపల చెల్లెలి బిడ్డ పేరుకి ఎదురుగా తారీఖు వేసి టిక్కు పెట్టాను. ఆమె కూడా బుధవారమే వస్తానంది కదా. అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు, రెండు రోజులు ముందు రాస్తున్నట్టు అనిపించింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు, నేను తొక్కింది అడుసని తెలియడానికి చాలా రోజులు పట్టింది.

మంగళవారం వాయుగుండం పట్టింది. గాలీ వానా. కాలువ పొంగి నావ ఆగిపోయింది. బుధవారం ఊళ్లో ముగ్గురూ గొడుగుల కింద వచ్చారు, వాళ్లకి వేసి ఆ ముగ్గురి లెక్క సరిచేసుకున్నాను. కుప్పం నుంచి ఎవరు రాగలరు? పది రోజులు పడవలు కదలలేదు. వాన వెలిశాక అందరూ పొట్ట తిప్పలకోసం సముద్రం మీద పడ్డారు, ఆడవాళ్లకి గంప దించడానికి తీరిక లేదు. ఒక బుధవారం పోయింది, ఇంకొకటి పోయింది. ఆమె రాలేదు. నేనూ పోలేదు. నావ నడుస్తూనే ఉంది, నాకు కాళ్లున్నాయి, పోలేదు. రిజిస్టర్లో టిక్కు పడిన పేరు మీద కన్ను ఆగదు. ఖాళీ గళ్లయితే గుర్తు చేస్తాయి, నిండిన గడి ఏం గుర్తు చేస్తుంది? నేను మరిచిపోయాను.

చలి ముదిరాక కుప్పంలో తట్టు పుట్టింది. ముందు ఇద్దరు పిల్లలకి, వారంలో ఏడుగురికి. ఆసుపత్రి నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరుగారు, సూపర్‌వైజరమ్మ, నేను డబ్బాలు పట్టుకుని నావ దాటాం. తుపాను షెల్టరు వరండాలో బల్ల వేశారు. రిజిస్టరు చూసి టీకా పడని పిల్లల్ని పిలవడం, వేయడం. ఆ డాక్టరుగారు మంచివాడు, సీసాలో ఐదుగురున్నారా లేదా అని ఒక్కసారి కూడా అడగలేదు. వరసలో చేపల చెల్లెలు ఉంది. బిడ్డ అప్పటికి గోడ పట్టుకుని నిలబడుతోంది. డాక్టరుగారు పేజీ మీద వేలు పెట్టి, "ఈ పాపకి రెండు నెలల క్రితమే వేశారు కదమ్మా, అవసరం లేదు" అన్నాడు.

"లేదు సార్, మా బిడ్డకి ఎయ్యలా" అంది ఆమె. "రెండుమార్లు పొయినా. అయిదుమంది లేరని పంపించేసినారు."

"కార్డు ఉందా?"

"వానకి గుడిసె కారి నానిపొయింది సార్."

డాక్టరుగారు మర్యాదగానే, "తారీఖుతో సహా రాసుందమ్మా. మీరు మరిచిపోయి ఉంటారు" అన్నాడు. ఆమె ఆయనతో వాదించలేదు. నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వు చెప్పు" అంది.

పక్కన సూపర్‌వైజరమ్మ నిలబడి ఉంది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. కూతురి హాస్టలు, మా ఆయన తిరుగుళ్లు, అన్నీ ఒక్క క్షణంలో కళ్లముందు తిరిగాయి. రిజిస్టరు వైపు చూస్తూ, "రాసుంటే వేసుంటా గదమ్మా. నువ్వే మరిచిపోయుంటావు" అన్నాను. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నేను చాలా మాటలన్నాను, చాలామందిని కసిరాను. నాతో పాటు కాటిదాకా వచ్చేది ఈ ఒక్క మాటే. ఆమె నా మొహంలోకి ఒక్క నిమిషం చూసి, బిడ్డని చంకకెత్తుకుని వరసలోంచి పక్కకి జరిగింది. వెనక తల్లి ముందుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా సీసా ఒకటి డబ్బాలో వేసుకుని ఒక్కదాన్నే కాలువ దాటాను. ఒక్క బిడ్డకోసం తెరవాలనే వెళ్లాను. గుడిసె ముందు వేపమండలు కట్టి ఉన్నాయి. ఆమె అత్త గడపకి అడ్డం నిలబడి, "తెల్లారేతలికి ఒళ్లంతా పోసుండాది తల్లీ. అమ్మవారు ఉండే ఇంట్లోకి సూది తేకూడదు, డబ్బా దూరంగా పెట్టు" అంది. లోపల బిడ్డ దగ్గు వినిపిస్తోంది. ఒంట్లో తట్టు ఎప్పుడో దూరి ఉంటుంది, నిన్న వేసినా ఆగేది కాదేమో అని తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఏమో. ముందు వచ్చిన ఆ రెండు బుధవారాల్లో ఏదో ఒకనాడు వేసుంటే మాత్రం ఈ వేపమండలు కట్టే పని ఉండేది కాదు.

రోజూ వెళ్లాను. గడపలో కూర్చుని బతిమాలాను. నాలుగో రోజు బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే అత్తే దండం పెట్టి, "తీసకపోండి" అంది. ఆటోలో ఆమె ఒళ్లో బిడ్డ, పక్కన నేను. వెంకటాచలం దగ్గర లారీల వెనక ఆగిపోయినప్పుడు, "ఊపిరి ఉండాదా అక్కా?" అని అడిగింది. అప్పటికి ఉంది. నెల్లూరు పెద్దాసుపత్రిలో గొట్టం పెట్టారు. మర్నాడు మధ్యాహ్నానికి పోయింది. పదకొండు నెలల బిడ్డ. కుప్పానికి తీసుకొచ్చి ఇసకలో పూడ్చిపెట్టారు. ఆ రోజు కుప్పంలో ఒక్క పడవ కూడా సముద్రంలోకి దిగలేదు.

ఊళ్లో అందరూ ఆ అత్తనే అన్నారు. "చదువులేని జనం, వేపాకులు కట్టి చంపుకున్నారు" అని. పెద్దమ్మ కూడా పాపం కళ్లనీళ్లు పెట్టుకుని అదే మాట అంది. నేనూ తలూపాను. డాక్టరుగారు మాత్రం, టీకా వేసిన బిడ్డకి తట్టు ఎలా వచ్చిందని తల బద్దలు కొట్టుకుని, ఐస్ సరిగ్గా లేక మందు చెడిపోయి ఉంటుందని రాశాడు. ఆ మాట కాలువ దాటింది. "సూది ఏసినా వొచ్చింది గదా, ఇంక సూదెందుకు?" అని కుప్పంలో సగంమంది రావడం మానేశారు. నా టిక్కు ఒక్క బిడ్డతో పోలేదు. రిజిస్టర్లో పోయిన బిడ్డల పేర్లు ఎర్రసిరాతో కొట్టేస్తాం. టిక్కు అలాగే ఉంది, దాని మీదుగా ఎర్రగీత కొట్టాను. ఏడాది చివర మీటింగులో తట్టు టీకాల పని బాగా చేశానని నాకు శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు కూడా. ఆ శాలువా ఏం చేశానో గుర్తు లేదు, ఇంట్లో మాత్రం లేదు.

రెండేళ్లు గడిచాయి. ఒక బుధవారం పొద్దున పది కూడా కాలేదు, అంగన్‌వాడీ ముందు కోలాహలంగా ఉంటే బయటికి చూశాను. చేపల చెల్లెలు వస్తోంది. నెత్తిన గంప లేదు. చంకలో మగబిడ్డ, వెనకాల కుప్పం ఆడవాళ్లు ముగ్గురు, పిల్లలు. గడప దాటి లోపలికే వచ్చింది, ఎవరు జరిగారో ఎవరు ముక్కు మూసుకున్నారో చూడనైనా చూడలేదు. "అయిదుమంది ఉండారక్కా. లెక్క చూసుకో. సీసా తెరువు" అంది. లెక్క చూశాను. ఒకడు మూడేళ్లవాడు, చొక్కా గుండీలు నములుతూ నిలబడ్డాడు. "వీడికి ఎప్పుడో వేశాను కదమ్మా" అన్నాను. "నలుగురే దొరికినారు. లెక్కకి తెచ్చినా" అంది. ఆ ముగ్గురు తల్లుల్నీ ఒప్పించడానికి ఆమెకి నెల పట్టిందని తర్వాత మా ఆశా కార్యకర్త చెప్పింది. సూది పనిచేయదని కుప్పమంతా అనుకుంటుంటే ఆమె ఒక్కతే నమ్మకం పోగొట్టుకోలేదు. తన బిడ్డకి సూది పడలేదని కుప్పంలో తెలిసింది ఆమెకొక్కదానికే కదా.

సీసా తెరిచి నీళ్లు కలిపాను. అలవాటుగా రిజిస్టరు దగ్గరికి లాక్కుని పెన్ను తీశాను. ముందు పేర్లు రాసుకుని తర్వాత సూదులు వేయడం మాకు మామూలు. ఆమె చెయ్యి చాపి పేజీ మీద పెట్టింది. చేపల పొలుసులు గీరి గీరి గరుకెక్కిన చెయ్యి.

"ముందు రాయొద్దక్కా" అంది. "ఏసినాక రాయి."

గొంతులో కోపం లేదు. నలుగురికీ వినపడేలా కూడా అనలేదు. ఏం జరిగిందో ఆమెకి తెలుసు. షెల్టరు వరండాలో నా మొహం చూసిన ఆ నిమిషం నుంచీ తెలుసు. అయినా ఆ మాట ఎవరికీ చెప్పలేదు, చెప్పుంటే ఈ ఉద్యోగం ఉండేది కాదు. బిడ్డ కాలు కదలకుండా గట్టిగా పట్టుకుంది. వేశాను. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే భుజాన వేసుకుని, నేను పేరు రాసి, తారీఖు వేసి, టిక్కు పెట్టేదాకా అక్కడే నిలబడి చూసింది. చదువు రాని మనిషి. ఆ టిక్కుని మాత్రం వంగి చూసింది. అప్పుడైనా నోరు తెరిచి నేను చేసిన పని చెప్పుకుని ఉండాల్సింది. "ఏడాదిన్నర నిండాక మళ్లీ రావాలమ్మా" లాంటిదేదో అన్నాను. ఆరు నెలలకి నాకు బదిలీ అయింది, మళ్లీ ఆమెను చూడలేదు.

"వచ్చే బుధవారం రా" అని ఆ ముప్ఫై ఏళ్లలో ఎంతమంది తల్లులతో అన్నానో లెక్కలేదు. అందరికీ ఒక వచ్చే బుధవారం ఉంటుందనే అనుకున్నాను, నాకు ఉంది కాబట్టి.